తగు చర్య

బడి నుంచి,
23 జూన్ 2025

మామా,

ఉత్తరం చూసి కంగారు పడకు. అందరం బాగానే ఉన్నాం. నీకు ఫోన్ చేస్తే "ఆఁ? ఎవలు?" అని నువ్వు, "నేను, శృతిని" అని నేను, వాడకట్టు మొత్తం వినేటట్టు అరుచుకోవడం తప్ప సంగతి ముందుకు నడవడం లేదు. వినికిడి మిషన్ కొనిస్తే దాన్ని డబ్బాతో సహా దేవుడి గూట్లో పెట్టావని అత్త చెప్పింది. దేవుడికి బాగానే వినపడుతుంది మామా, పెట్టుకోవాల్సింది నువ్వు.

ఉత్తరం రాయడానికి అదొక కారణం. రెండోది బడి. ఈ ఏడు నాకు నాలుగు, ఐదు తరగతుల తెలుగు ఇచ్చారు. రుద్రూర్ దాటాక చెరుకు తోటల మధ్య మా బడి నువ్వు ఒకసారి చూశావు కదా. అక్కడి పిల్లలకు రాయడమంటే బోర్డు మీది జవాబును నోటుబుక్కులోకి దించుకోవడమే. ఈసారి అట్లా కాదని మొండికేశాను. లేఖ, వర్ణన, సంభాషణ, ఆత్మకథ, నినాదం, పొడుపుకథ, ఒక్కో ప్రక్రియ ఒక్కో రకంగా ఎట్లా నడుస్తుందో వాళ్లతో రాయించి చూపిస్తాను. నినాదం రాయమంటే అఖిలేష్ అనే పిల్లవాడు "చెట్లను పెంచండి, మమ్మల్ని ఎక్కనియ్యండి" అని రాశాడు. ఈ లెక్కన బండి కదిలినట్టే.

లేఖ దగ్గర మాత్రం ఆగిపోయింది. లేఖ అంటే ఏమిటని అడిగితే అదే అఖిలేష్ లేచి "వాట్సాప్‌ల పెద్ద మెసేజ్ టీచర్" అన్నాడు. ఇంటికి ఉత్తరం రావడం ఒక్కరూ చూడలేదు. అందుకే నువ్వు నాకు బడి అడ్రసుకు ఉత్తరం రాయాలి. పోస్ట్‌మ్యాన్ వచ్చి నా పేరు పిలవాలి, నేను పిల్లల ముందే చింపి చదవాలి. ఇంటి సంగతులు రాస్తే చాలు.

ఒక్క షరతు. నలభై ఏళ్లుగా ఆఫీసుల గేటు పక్కన రేకుల షెడ్డులో కూర్చొని జనానికి అర్జీలు రాసిపెడుతున్నవాడివి. ఇది అర్జీ కాదు, ఉత్తరం. గుర్తుంచుకో.

అత్త మోకాళ్లు ఎట్లా ఉన్నాయి?

నీ మేనకోడలు,
శృతి


నిజామాబాద్,
1 జులై 2025

చి. శృతికి,

విషయం: నీ ఉత్తరమునకు జవాబు గురించి.
సూచిక: 23వ తేదీన నీవు వ్రాసినది.

పై విషయమై తెలియజేయునది ఏమనగా, ఉత్తరం అందింది. మీ అత్త చదవమంటే రెండుసార్లు చదివి వినిపించాను. మిషన్ గురించి రాసిన ముక్క మాత్రం దాటేశాను. అది పెట్టుకుంటే ఆటోల మోత, రేకుల మీద వాన చప్పుడు, అన్నీ చెవిలోకి వస్తాయి గానీ మనిషి మాట రాదు.

షెడ్డు కారుతోంది. పని తగ్గింది. ఇప్పుడు ఎవరి అర్జీ వాళ్లే సెల్‌ఫోన్‌లో పంపుకుంటున్నారు. ముసలివాళ్లు, చదువు రానివాళ్లు మాత్రం ఆఫీసుల్లో అర్జీలు తీసుకునే సోమవారం నాడు వస్తారు. బోధన్ చక్కెర ఫ్యాక్టరీ మూతపడ్డ కొత్తలో చెయ్యి వాచేదాకా రాశాను తల్లీ. తెరిపించండి అని కార్మికులు, తెరిపించండి అని చెరుకు రైతులు. అన్నీ నా చేతి రాతే. ఒక్కదాని మీద కూడా చర్య తీసుకోలేదు. ఆ కాగితాలు ఇప్పుడు ఏ గదిలో ఉన్నాయో, ఏ ఎలుకలు చదువుకుంటున్నాయో.

ప్రక్రియలు అన్నావు. నాకు తెలిసినంతలో ప్రక్రియ ఒకటే. ఎవరికి, ఎవరు, విషయం, బాధ, ప్రార్థన. మనిషి కాగితం పట్టుకున్నాడంటే ఏదో ఒకటి అడగడానికే. ఊరికే వర్ణించడానికి కాగితం ఖరాబు చేయడం ఎందుకో నాకు సమజ్ కాదు. నువ్వు చదువుకున్నదానివి, నీకే తెలియాలి.

మీ అత్త మామిడికాయ తొక్కు పెట్టి నీ పేరు మీద ఒక సీసా పక్కన ఉంచింది. కావున నీవు ఏదేని ఒక ఆదివారం వచ్చి, సదరు సీసాను పరిశీలించి, తగు చర్య తీసుకోగలవని మనవి.

ఇట్లు, తమ విధేయుడు అని రాసి కొట్టేశాను, చూసుకో.
నీ మామ,
ఆశన్న


బడి నుంచి,
14 జులై 2025

మామా,

షరతు పెట్టినా నీ బుద్ధి పోనిచ్చుకోలేదు. ఉత్తరానికి విషయం, సూచిక! పిల్లలు మాత్రం పండుగ చేసుకున్నారు. తొక్కు సీసా మీద తగు చర్య దగ్గరికి వచ్చేసరికి తరగతి తరగతంతా పడీపడీ నవ్వింది. ఇప్పుడు బడంతా అదే మాట. అఖిలేష్ నీళ్లకు పోవాలన్నా "టీచర్, తగు చర్య తీస్కోండ్రి" అంటున్నాడు.

కానీ ప్రక్రియ ఒకటే అన్నావు చూడు, అది ఒప్పుకోను. చెరుకు గడ ఆత్మకథ రాయమంటే ఐదో తరగతి పిల్ల ఒకతె ఇట్లా రాసింది: "నేను చెరుకును. నన్ను నరికి లారీల ఎక్కించిండ్రు. మా తాతను బోధన్‌కే తీస్కపోయిండ్రట. నన్ను మహారాష్ట్రకు తీస్కపోతున్నరు. నాకు మరాఠీ రాదు." ఇందులో ఆ పిల్ల నిన్నూ నన్నూ ఏమైనా అడిగిందా? అయినా చదివాక నాకు మనసు అదోలా అయింది. నువ్వు రాసిన ఫ్యాక్టరీ అర్జీలన్నీ ఈ నాలుగు ముక్కల్లో ఉన్నాయనిపించింది.

ఆ పిల్ల పేరు అంకిత. అవ్వ, బాపు, అంటే తల్లీ తండ్రీ, పుణె దిక్కు పనికి పోయారు. బాపమ్మ దగ్గర, అదే, తండ్రి తల్లి దగ్గర పెరుగుతోంది. ఆ బాపమ్మే మా బడిలో మధ్యాహ్న భోజనం వండే ఈరవ్వ. పోయిన వారం వర్ణన చెప్పాను. "మీరు రోజూ చూసే మనిషిని, చూడనివాళ్ల కళ్ల ముందు నిలబెట్టండి. మంచిదనీ చెడ్డదనీ మీరు చెప్పొద్దు. చూసింది చూసినట్టు రాయండి. మిగతాది చదివేవాళ్లకే తెలుస్తుంది" అన్నాను. అంకిత రాసిన కాగితమే దీనితో జత చేస్తున్నాను. దాని రాత కోడి గెలికినట్టుంటుంది కాబట్టి ఇక్కడ కూడా దించుతున్నాను.

"మా బాపమ్మ పేరు ఈరవ్వ. మా బడిల అన్నం వండుతది. పొయ్యి ఊదితే కండ్లు ఎర్రగైతయి, సరిగ కనబడది. అందుకే అన్నంల అప్పుడప్పుడు రాయి వస్తది. రాయి ఎవలికి వస్తే వాల్లకు తన గుడ్డు ఇస్తది. ఆమె చెయ్యి వణుకుతది. పప్పు పోస్తుంటే సగం కింద పడుతది. పప్పు తక్కువైతే నీళ్లు పోస్తది. ఎందుకంటే అందరికి రావాలె అంటది. చేతులు కొంగుకే తుడుసుకుంటది. ఆ కొంగుతోనే చిన్నపిల్లల మూతి తుడుస్తది. అందరు తిన్నంక గిన్నె గీకి తింటది. మా ఇంట్ల గ్యాసు పొయ్యి ఉన్నది, కని బాపమ్మ దగ్గర బడి పొయ్యి పొగ వాసన వస్తది. నాకు ఆ వాసన లేకుంటే నిద్ర రాదు."

చూశావా. ఒక్కచోట కూడా మా బాపమ్మ మంచిది అనలేదు.

ఇప్పుడు నీతో పని. పంద్రాగస్టు నాడు బాగా పనిచేసినవాళ్లకు శాలువాలు కప్పుతారు. ప్రతిసారీ ఆఫీసుల్లో కుర్చీలున్న వాళ్లకే. ఒక్కసారి వంట చేసే ఆమెకు కప్పకూడదా? ఈ వర్ణనను నీ చక్కటి దస్తూరితో తెల్లకాగితం మీద ఎత్తిరాసి, నీ షెడ్డు ఎదురుగా ఉన్న మా శాఖ ఆఫీసులో ఇచ్చిరా. శాలువా సంగతి అందులో ఎత్తకు. వర్ణనలో అడగడం ఉండదు. చదివినవాళ్లకు మనసంటూ ఉంటే వాళ్లకే తోస్తుంది. పిల్ల మాట ఒక్కటి కూడా మార్చొద్దు.

తొక్కు కోసం వస్తాను. సీసా మూత గట్టిగా పెట్టమను.

శృతి


నిజామాబాద్,
22 జులై 2025

చి. శృతికి,

విషయం: కాగితం సమర్పించుట గురించి.

నీవు కోరిన ప్రకారం నిన్న సోమవారం నాడు కాగితం ఇచ్చి వచ్చాను. పిల్ల మాట ఒక్కటి మార్చలేదు. "వాల్లకు" అని రాసింది కూడా అట్లాగే ఉంచాను. దిద్దమని నా వేళ్లు ఒకటే పీకులాట. శాలువా ఊసు ఎత్తలేదు. గుమాస్తా ముద్ర కొట్టి నంబరు వేశాడు. నంబరు పడిందంటే కాగితానికి ప్రాణం వచ్చినట్టే, ఇక దాన్ని ఎవరూ కాదనలేరు.

నిజం చెప్పొద్దా? పొగ వాసన దగ్గర నా కలం ఆగింది. మా అవ్వ పక్కన పడుకున్న రోజులు గుర్తుకొచ్చాయి. షెడ్డులో పక్కన కూర్చునేవాళ్లకు చదివి వినిపిస్తే వాళ్లు కూడా ఇంకోసారి చదవమన్నారు. ప్రక్రియ ఒకటే అన్న మాట నేను వెనక్కి తీసుకోవడం లేదు గానీ, కొంచెం పక్కకు జరిపానని అనుకో.

మీ అత్తకు మోకాళ్లకు నూనె రాస్తే కొంత నయం. సీసా వ్యవహారం ఇంకా పెండింగులోనే ఉన్నది.

నీ మామ,
ఆశన్న


బడి నుంచి,
8 ఆగస్టు 2025

మామా,

రెండు ముక్కలే రాయగలను. ఆ కాగితం మీద నిన్న ఆఫీసు నుంచి ముగ్గురు జీపులో వచ్చారు. ఈరవ్వను బడి ముందు అందరిలో నిలబెట్టి, అంకిత రాసిందంతా మొదటి నుంచి చివరి దాకా గట్టిగా చదివారు. ఊరు ఊరంతా గేటు దగ్గర చేరింది. ఈరవ్వ కొంగు నోట్లో పెట్టుకొని ఏడ్చింది. "నువ్వేనా రాసింది" అని అడిగితే అంకిత లేచి నిలబడి "నేనే సార్" అంది. ఇట్లా అవుతుందని కలలో కూడా అనుకోలేదు. మనసు కుదుటపడ్డాక వివరంగా రాస్తాను.

శృతి


నిజామాబాద్,
16 ఆగస్టు 2025

చి. శృతికి,

విషయం: శుభవార్త అందిన సంగతి.

నీ ఉత్తరం చదివి మీ అత్త కూడా కళ్లు తుడుచుకుంది. ఊరందరి ముందు చదివారా! ఈరవ్వ ఏడ్చిందంటే ఏడవదా మరి? ఇన్నేళ్లూ పొయ్యి ముందు కూర్చున్న మనిషిని పేరు పెట్టి నిలబెడితే ఎవరికైనా దుఃఖం ఆగదు. నిన్న పంద్రాగస్టు కదా, శాలువా ఏ రంగుది కప్పారో రాయి. మీ అత్త పందెం కట్టింది, ఎరుపు అని.

ఇప్పుడు పని అయింది కాబట్టి ఒక మాట చెప్తాను, కోపం చేసుకోకు. నువ్వు చెప్పినట్టు వర్ణన ఒక్కటే తీసుకొని పోతే గుమాస్తా కాగితం అటూ ఇటూ తిప్పాడు. నాకు వినపడటం లేదని చెవి దగ్గరికి వచ్చి అరిచాడు. "పెద్దాయినా, గిది అర్జీనా, కతనా? విషయం ఏది? ఏం గావాల్నో రాసినవా? గిట్ల దీస్కుంటే నన్ను దిడుతరు" అన్నాడు. అతను అన్నది తప్పు కాదు. ఆ ఆఫీసు మెట్లు ఎక్కే కాగితానికి తల, తోక ఉండాలి. అక్కడే నిలబడి పైన "విషయం: పాఠశాలలో మధ్యాహ్న భోజనం వండు ఈరవ్వ గురించి" అని, కింద "కావున తమరు విచారించి తగు చర్య తీసుకోగలరని మనవి" అని చేర్చాను. పిల్ల మాటలు మార్చలేదు సుమా, అవి మధ్యలో భద్రంగా ఉన్నాయి. ఆ రెండు వాక్యాలు లేకుంటే మీ వర్ణన ఇవాళ్టికీ గేటు బయటే వానకు తడుస్తుండేది.

ఒప్పుకుంటావా ఇప్పుడు? నలభై ఏళ్లలో నేను రాసినదాని మీద ఇంత జల్దీ చర్య తీసుకున్నది ఇదే మొదలు. షెడ్డులో అందరికీ చాయ్ తాగించాను.

నీ మామ,
ఆశన్న


బడి నుంచి,
25 ఆగస్టు 2025

మామా,

శాలువా ఏ రంగుదీ కాదు. ఈరవ్వను పనిలోంచి తీసేశారు.

ఆ రోజు జరిగింది ఇప్పుడు సరిగ్గా విను. మిషన్ అవసరం లేదు, చదివితే చాలు. జీపు దిగిన సారు నేరుగా వంట షెడ్డులోకి పోయాడు. గిన్నెలో గరిటె తిప్పి చూశాడు. తర్వాత అంకితను పిలిచాడు. "అన్నంల రాళ్లు వస్తయా?" "వస్తయి సార్, అప్పుడప్పుడు." "పప్పుల నీళ్లు పోస్తదా?" "పోస్తది సార్." "చేతులు కొంగుకు తుడుసుకుంటదా?" "అవు సార్." ఎంత గర్వంగా చెప్పిందనుకున్నావు! నిటారుగా నిలబడి, నేను నేర్పినట్టే, చూసింది చూసినట్టు. తను రాసింది పెద్దసారు జీపులో వచ్చి అడుగుతున్నాడంటే మెచ్చుకోవడానికే అనుకుంది. గుడ్డు సంగతి, పొగ వాసన సంగతి అతను అడుగుతాడని చూస్తూ నిలబడింది. అవి అడగలేదు.

"సార్, ఇది ఫిర్యాదు కాదు, వర్ణన" అని నేను అడ్డం పోయాను. ఆయన చివరి వరుస మీద వేలు పెట్టి "మరి గిదేందమ్మా? విచారించుండ్రి, చర్య తీస్కోండ్రి అని మీరే రాసి, మేమొస్తే కాదంటరా?" అన్నాడు. ఆ వరుసను నేను అక్కడే మొదటిసారి చూశాను.

నిన్ను అనుమానించాలని నాకు తోచనే లేదు. ఒక్క మాట మార్చలేదని రాశావు కదా. బడి పిల్లలందరూ ఆ తగు చర్య మాటను ఆటగా అంటున్నారు కాబట్టి, అంకితే నవ్వులాటకు కాగితం అడుగున గీకి ఉంటుందనుకున్నాను. నేను చూడకుండా పంపానేమో అనుకున్నాను. పక్కకు పిలిచి గద్దించాను. "ఆఖర్ది నేను రాయలే టీచర్, ఒట్టు" అని నా చున్నీ పట్టుకొని వెంట వెంట తిరిగింది. భయపడి అబద్ధం ఆడుతోందని ఇంకో రెండు మాటలన్నాను. నీ ఉత్తరం వచ్చింది, నీ వాక్యం నువ్వు సంబురంగా ఒప్పుకున్నావు. దాన్ని అన్న మాటలు నేను ఎట్లా వెనక్కి తీసుకోను?

ఈరవ్వకు చదువు రాదు. మనుమరాలు తన మీద ఆఫీసుకు ఫిర్యాదు రాసిందని జీపు వాళ్లు చెప్తే అదే నమ్మింది. "నేనేమన్న తప్పు జేస్తే ఇంట్ల జెప్పకపోతివి బిడ్డా" అంది. అంతే అంది. తిట్టలేదు. తిడితే బాగుండేది.

వయసు మీదపడింది, శుభ్రత లేదు అని రాసి ఇంకొకామెను పెట్టారు. పప్పు ఇప్పుడు చిక్కగా ఉంటోంది. చివరి వరుసలో పిల్లలకు అందడం లేదు. మా హెడ్మాస్టరు లింగం సారు "చిన్న పిల్లలతోని గివన్ని ఎందుకమ్మా, బోర్డు మీది జవాబు రాపిస్తే పాయె గద" అన్నారు. ఊళ్లో నేను నడిచి వస్తుంటే మాటలు ఆపేస్తున్నారు. టీచరే చిన్నపిల్లతో రాయించిందట, అదీ మాట.

నా తప్పు లేదని అనడం లేదు. అడగకుండా ఉండటమే గొప్ప అనుకున్నాను. శాలువా కప్పండి అని ఒక్క ముక్క నీతో రాయించి ఉంటే ఇది జరిగేది కాదు. కానీ మామా, ఆ పిల్ల మాటలన్నీ నువ్వు భద్రంగా ఉంచే దానికి ఉరి బిగించావు. నీ వాక్యాన్ని నువ్వే పోయి వెనక్కి తీసుకో. నీ చాయ్ తాగినవాళ్లకు కూడా చెప్పు.

శృతి


నిజామాబాద్,
9 సెప్టెంబర్ 2025

శృతీ,

ఈసారి పైన విషయం రాయలేదు. రాయబోయి ఆగిపోయాను.

దేవుడి గూట్లోంచి మిషన్ తీసి చెవికి పెట్టుకొని ఆఫీసుకు పోయాను. ఎవరేమన్నా వినాలి కదా. ఆ చివరి వాక్యం నాది, పిల్లది కాదు, అది ఫిర్యాదు కాదు అని ఒక కాగితం రాసుకొని పోయాను. గుమాస్తా చదివాడు. "పెద్దాయినా, దాని మీద చర్య ఐపోయింది. ఫైలు బంద్ ఐంది" అన్నాడు. మళ్లీ తెరవమన్నాను. "నువ్వెవలు? ఆమె చుట్టానివా? పని పోయిన మనిషి పెట్టుకోవాలె అర్జీ" అన్నాడు. ఇన్నేళ్లు అందరి తరఫునా రాశాను గానీ, నా పేరు మీద నేనిచ్చిన మొదటి కాగితం ఇదే. దానికి ముద్ర పడలేదు, నంబరు పడలేదు.

అందుకని మొన్న బస్సెక్కి మీ ఊరికి వచ్చాను. నీకు చెప్పలేదు, మొహం చెల్లక. ఈరవ్వ ఇల్లు అడుగుకుంటూ పోయాను. అర్జీ రాసి పెట్టుకొని పోయాను, వేలిముద్ర ఒక్కటి వేస్తే చాలు. నేనెవరో చెప్పాను, చేసింది చెప్పాను. ఆమె అంతా విన్నది. "వద్దన్నా. ఒక్క కాగితానికే గిట్లాయె. ఇంకోటి వద్దు" అన్నది. చెయ్యి కొంగు కింద దాచుకుంది, నేను బలవంతంగా వేలు పట్టుకుంటానేమో అన్నట్టు.

తర్వాత, ఎండన పడి వచ్చినవని చెంబుతో నీళ్లు తెచ్చింది. పోస్తుంటే చెయ్యి వణికింది. సగం నీళ్లు నేల పాలయ్యాయి. పిల్ల ఎట్లా రాసిందో అట్లాగే ఉన్నది శృతీ. అదే కొంగుతో కింద పడ్డ నీళ్లు తుడిచింది. ఆ కాగితం మొత్తం నా ముందర నడుస్తున్నట్టే ఉండె. నేను దాన్ని చదివాను, ఎత్తిరాశాను, అయినా ఆ రోజు ఈ మనిషిని చూడలేదు.

పిల్ల గడప దగ్గర నిలబడి నా జేబులో ఉన్న కలం దిక్కు చూసింది. చూసి లోపలికి పోయింది. మళ్లీ బయటికి రాలేదు.

షెడ్డుకు పోవడం లేదు. మీ అత్త అడిగితే వానలని చెప్తున్నాను. తొక్కు సీసా ఎవరితోనైనా పంపమంటావా, నువ్వే వస్తావా? వస్తే మాట్లాడు. మిషన్ తీయడం లేదు.

మామ


బడి నుంచి,
10 అక్టోబర్ 2025

మామా,

నీ ఉత్తరం దసరా సెలవులకు ముందే వచ్చింది. పిల్లల ముందు చదవలేదు. ఒక్కదాన్నే చదువుకున్నాను. అప్పుడు రాసిన కోపం ఇప్పుడు లేదు. ఉన్నా ఎవరికీ పనికిరాదు. నువ్వు ఈరవ్వ ఇంటికి పోవడం నాకు ఊళ్లోవాళ్లే చెప్పారు. టీచర్ మామ వచ్చి వేలిముద్ర అడిగిండట అని, అది ఇంకో కథ అయి తిరుగుతోంది.

అంకితకు నేను తరగతి అందరి ముందు చెప్పాను, చివరి వాక్యం నువ్వు రాయలేదు, నిన్ను అన్నది నాదే తప్పు అని. తల ఊపింది. అప్పటి నుంచి ఏ ప్రక్రియ ఇచ్చినా ఒక్కటే వరుస రాస్తోంది. "మా ఇంట్ల అందరు బాగున్నరు." కథ రాయమన్నా అదే, సంభాషణ అన్నా అదే. అదొక్కతే కాదు. మొన్న మా బడి గురించి వర్ణన రాయమంటే ఇరవై మంది కాగితాలూ ఒకటే. బడి బాగున్నది, అన్నం బాగున్నది, టీచర్ మంచిది. చెట్లు ఎక్కనియ్యమన్న అఖిలేష్ కూడా చెట్లు బాగున్నయి అని రాశాడు. ఎవరూ నేర్పకుండానే అందరికీ వచ్చేసింది, చూసింది రాయకూడదని. నేను ఎర్ర పెన్నుతో దిద్దడానికి ఒక్క తప్పు కూడా దొరకడం లేదు.

ఈరవ్వ సోయా కోతకు కూలికి పోతోంది. దారిలో కలిస్తే పక్కకు జరిగి నాకు తోవ ఇస్తుంది. పలకరిస్తే "మంచిగనే ఉన్నం టీచర్" అంటుంది.

ఇవాళ పాఠంలో అర్జీ ఉంది. తప్పించుకోలేక చెప్పాను. సెలవు కావాలని హెడ్మాస్టరుకు రాయమన్నాను, ఎవరికీ ఏమీ కాని అర్జీ. అందరూ జ్వరం అని రాసి ఇచ్చారు. అంకిత మాత్రం పేజీ నిండా రాసింది. చాలా రోజులకు రాసింది కదా అని ముందు ఆశగానే చేతిలోకి తీసుకున్నాను.

"గౌరవనీయులైన తెలుగు టీచర్ గారికి, ఐదవ తరగతి అంకిత వ్రాయునది.

విషయం: నన్ను రాయమనకుండ ఉండుట గురించి.

అమ్మా, నేను చూసింది రాస్తే మా బాపమ్మ పని పోయింది. బాపమ్మ నాతోని మంచిగనే మాట్లాడుతది. కని నేను నోట్‌బుక్ తెరిస్తే లేసి బయటికి పోయి కూసుంటది. నేను బుక్ మూసినంకనే లోపలికి వస్తది. ఇప్పుడు ఆమె దగ్గర పొగ వాసన వస్తలేదు. నాకు నిద్ర వస్తలేదు. కావున ఇంక నాకు రాసుడు నేర్పకుండ తమరు తగు చర్య తీసుకోగలరని మనవి.

ఇట్లు, తమ విధేయురాలు, అంకిత."

ఎవరికి, ఎవరు, విషయం, బాధ, ప్రార్థన. నువ్వు చెప్పినవన్నీ ఉన్నాయి మామా, వరుస కూడా తప్పలేదు. బడిలో ఇంతమంది పిల్లల్లో నేను నేర్పింది సరిగ్గా నేర్చుకున్నది ఇదొక్కతే. ఈసారి చివరి వాక్యం కూడా తనదే.

కాగితం నా సొరుగులో పెట్టాను. ముద్ర వేయడానికి నేను ఆఫీసును కాదు, కాదనడానికీ లేదు. సోమవారం మొదటి పీరియడ్ ఐదో తరగతికి తెలుగు. నీ జవాబు అప్పటికి అందదని తెలుసు. అయినా అడుగుతున్నాను. నలభై ఏళ్లు ఆ మాట రాసిన మనిషివి, నీకు తప్ప ఎవరికి తెలుస్తుంది?

తగు చర్య అంటే ఏమిటి మామా? సోమవారం నేను ఆ తరగతిలోకి పోయి ఏం చేయాలి?

శృతి